నవ్వించే పిల్ల

మా తమ్ముడి స్టూడియో పిల్లల ఫోటోల మీదే నడుస్తుంది. పెద్దవాళ్ళు గుర్తింపు కార్డు కోసం వచ్చి, ముఖం బిగించుకుని కూర్చుని, దిగామనిపించి లేచిపోతారు. పిల్లల్ని మాత్రం పుట్టినరోజుకి తీసుకొస్తారు, పన్ను వచ్చిందని తీసుకొస్తారు, అదే పన్ను ఊడిందని మళ్ళీ తీసుకొస్తారు. తెచ్చాక వాళ్ళు నవ్వాలి. నవ్వకపోతే అది ఫోటోయే కాదట. కొత్త బట్టలు మెడ దగ్గర గుచ్చుకుంటూ, కళ్ళల్లోకి లైట్లు కొడుతూ, ఎదురుగా ముక్కూ ముఖం తెలియని మనిషి నిలబడి ఉంటే ఏ పిల్ల నవ్వుతుంది? నేనైతే ఏడుస్తాను.

నా పని లోపలి గదిలో. తీసిన ఫోటోలు కంప్యూటర్లో దిద్దుతాను. చీమిడి తుడుస్తాను, దోమకాటు చెరిపేస్తాను, వెనకనుంచి పిల్లని పట్టుకున్న తల్లి చెయ్యి మాయం చేస్తాను. దిద్దీ దిద్దీ మనుషుల్ని ముక్కలుగా చూసే జబ్బు పట్టుకుంది నాకు. ఎవరైనా ఎదురుపడితే ముందు కనురెప్ప, తర్వాత పెదవి మూల, ఆఖర్న మనిషి. ఇంట్లో నాకు నోరెక్కువని పేరు. ఉన్నమాటే. తమ్ముడికి నోట్లో నాలుక లేదు, వాడి వాటా కూడా నేనే మాట్లాడాల్సి వచ్చింది.

ఆ నోరులేనివాడు పిల్లల ముందు మాత్రం వేరే మనిషి. తుమ్ము నటిస్తాడు, కీచుబొమ్మ నొక్కుతాడు, టోపీ జారవిడిచి వెతుక్కుంటాడు. అయినా పదిమందిలో ఆరుగురు ఏడ్చేవాళ్ళు. పిల్లని చంకనేసుకుని తల్లులు విసుక్కుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు వాడి ముఖం చూస్తే జాలేసేది.

అలాంటి ఇంట్లో పుట్టింది మా మేనకోడలు. పుట్టిన కొన్ని నెలలకే నవ్వడం మొదలెట్టింది, ఇక ఆపలేదు. పలకరిస్తే నవ్వేది, పలకరించకపోయినా నవ్వేది. రెండు చేతులూ పైకెత్తి రెక్కల్లా ఆడించేది. నీళ్ళ చప్పుడు వింటే ఒళ్ళంతా నవ్వే. పెట్టిన పేరు అందరం మర్చిపోయి కిలకిల అని పిలవడం మొదలుపెట్టాం.

నిద్ర తక్కువ. పాలు తాగితే సగం కక్కేసేది. పాకడం ఆలస్యం, నడక ఇంకా ఆలస్యం. మాట అసలే లేదు. మా మరదలు అప్పుడప్పుడూ దిగులుపడేది. "మీ ఆయనకి మాటలు ఎప్పుడొచ్చాయనుకున్నావు? ఇప్పటికీ రాలేదు" అని అమ్మ నవ్వించేది. మేమూ నవ్వేవాళ్ళం. ఏడవని పిల్ల గురించి ఎవరు బెంగపడతారు?

దాన్ని స్టూడియోకి తీసుకెళ్ళాలన్న ఆలోచన ఎవరిదో గుర్తులేదు. మరదలు బజారు పనిమీద వెళుతూ ఒకరోజు వదిలేసి వెళ్ళింది. తమ్ముడు దాన్ని కెమెరా పక్కన ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు. తెర ముందు ఒక బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కిలకిల వాణ్ణి చూసి చేతులాడిస్తూ నవ్వింది. వాడు ఏడుపు మధ్యలో ఆగాడు, చూశాడు, నవ్వేశాడు. తమ్ముడు టపటపా నాలుగు ఫోటోలు తీశాడు. దిద్దడానికి నా దగ్గరికి వస్తే, ఆ బాబు ముఖంలో నేను ముట్టుకోవలసింది ఏమీ లేదు.

అంతే, మర్నాటినుంచి ఆ కుర్చీ దానిదైపోయింది. కీచుబొమ్మ మూలన పడింది. ఏడ్చే పిల్లలు ఏడవడం మానేశారు. ఊళ్ళో తల్లులందరూ "నవ్వించే పాప ఉన్న స్టూడియో" అని చెప్పుకుని వచ్చేవాళ్ళు. వాకిట్లో అద్దాల అల్మరాలో దాని నవ్వు ఫోటో ఇంత పెద్దది చేసి పెట్టాడు తమ్ముడు. కూతురికీ తండ్రికీ మధ్య మాటలు లేకపోయినా ఆ రోజుల్లో వాళ్ళిద్దరి మధ్య లోటు కనబడలేదు నాకు. వాడు కెమెరా వెనక నుంచి దాన్నొకసారి చూసేవాడు, అది నవ్వేది, ఎదుటి పిల్ల నవ్వేది, పని అయిపోయేది. ఇంతకంటే హాయి జీవితంలో ఏముంటుందన్నట్టు ఉండేవాడు.

నాలుగేళ్ళు వచ్చాయి దానికి. అప్పటికి నిలబడుతోంది, కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తి, ఊగుతూ నడుస్తోంది. ఒకరోజు కవల పిల్లల్ని తీసుకొచ్చారు. వాళ్ళు ఒకళ్ళు నవ్వితే ఒకళ్ళు ఏడుస్తున్నారు. ఆ గొడవలో కిలకిల కుర్చీ దిగి గోడవారగా వెళ్ళింది. అక్కడ మా పాతకాలపు లైటు ఉంటుంది. వెలిగించిన కాసేపటికే దాని రేకు డొప్ప పెనంలా కాలిపోతుంది. పిల్ల తూలి పడబోయి చెయ్యి ఆనించింది. చెయ్యి గోడకీ డొప్పకీ మధ్య ఇరుక్కుపోయింది.

అది నవ్వింది. ఎప్పుడూ నవ్వనంతగా, ఊపిరాడనంతగా నవ్వింది. కవలలిద్దరూ ఒక్కసారే ఫక్కున నవ్వారు. వాళ్ళ అమ్మ నవ్వింది, నాన్న నవ్వాడు. లోపలి గదిలో నాకు కూడా నవ్వొచ్చింది. "అదీ! అలాగే, అలాగే!" అంటూ తమ్ముడు వరసగా నొక్కుతూనే ఉన్నాడు. వాసన వచ్చాక కానీ ఎవరూ తల తిప్పలేదు.

ఆస్పత్రిలో డాక్టరు కట్టు కడుతూ పదే పదే పిల్ల ముఖంలోకి చూశాడు. తోలు ఊడొస్తుంటే నవ్వే పిల్లని ఆయన చూసి ఉండడు. నడిపించి చూశాడు, తల చుట్టుకొలత చూశాడు, మాటలు వచ్చాయా అని అడిగాడు. ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. జన్యువుల డాక్టరట, పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. రక్తం తీయించింది. ఫలితం వచ్చాక మమ్మల్ని పిలిచింది. తమ్ముడూ మరదలూ కుర్చీల్లో కూర్చున్నారు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని నేను వెనక బల్లమీద కూర్చున్నాను.

"ప్రతి మనిషికీ క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. ప్రతి జతలోనూ ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది," అంది ఆవిడ. "పాపకి పదిహేనో జతలో, తల్లి ఇచ్చినదాంట్లో ఒక చిన్న ముక్క లేదు. దీన్ని ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అంటారు."

"వాళ్ళ నాన్నది బాగానే ఉంది కదండీ. అది సరిపోదా?" అన్నాను వెనకనుంచి.

"మంచి ప్రశ్న అడిగారు. చాలాచోట్ల సరిపోతుంది. ఈ ముక్క దగ్గర మాత్రం మెదడులో తండ్రిది పని చెయ్యదు. పాపలోనే కాదు, మీలో నాలో కూడా అంతే. తల్లిది ఒక్కటే పని చేస్తుంది. అది లేకపోతే ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు."

"నా వల్లేనాండీ?" అంది మరదలు. వెనకున్న నాకు వినీ వినబడలేదు.

"కాదమ్మా. అండం తయారయ్యేటప్పుడు ఎక్కడో తెగిపోయింది. మీరు తిన్నదీ కాదు, చేసిందీ కాదు. ఎవరూ ఆపగలిగింది కాదు."

తర్వాత ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. మాటలు దాదాపుగా రావు. మూర్ఛలు వస్తాయి, వాటికి మందులున్నాయి. నడక నేర్పించాలి, సైగలు నేర్పించాలి. పోయిన ముక్కని తెచ్చిపెట్టే మందు ఇప్పటికి లేదు. ఎవరో ఒకరు జీవితాంతం పక్కన ఉండాలి. నా ఒళ్ళో పిల్ల గోడమీద మెరిసే గడియారాన్ని చూసి నవ్వుతోంది.

అన్నీ విని తమ్ముడు ఒకే ఒక్క మాట అడిగాడు. "నవ్వు కూడానా?"

"అవునండీ. ఈ పిల్లలు ఎక్కువగా నవ్వుతారు. సంతోషం వేసినా నవ్వుతారు, మనుషుల్ని చూసినా నవ్వుతారు. కంగారుపడినా నవ్వుతారు. ఒక్కోసారి నొప్పికి కూడా."

"అయితే ఆ నవ్వు నిజం కాదన్నమాట."

"నిజం కాదని నేననలేదు. ఎప్పుడు దేనికి నవ్వుతోందో కనిపెట్టడం కష్టమంటున్నాను. అది మీరే నేర్చుకోవాలి, మేం నేర్పలేం."

ఇంటికొచ్చాక అమ్మకి నేనే చెప్పాను, నాకు అర్థమైనంత. అమ్మ అందులోంచి తనకి కావలసిన ముక్క ఏరుకుంది. "అయితే తల్లి వైపునుంచే పోయిందన్నమాట. మావాడిది సరిగ్గానే ఉందిగా" అంది. పుండు మీద కారం చల్లడానికి మా అమ్మకి ప్రత్యేకంగా కారం నూరుకోనక్కర్లేదు. నేను నోరు తెరిచేలోపే మరదలు వంటగదిలోంచి వచ్చింది. అత్తగారికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా అమ్మతో చెప్పలేదు, మొగుడి వైపు తిరిగింది.

"మీది ఉందటండీ. ఉండీ నోరు మెదపదట. అచ్చం మీలాగే."

వాడు దానికీ నోరు మెదపలేదు. మర్నాడు స్టూడియోకి వెళ్ళి అద్దాల అల్మరాలోంచి కూతురి ఫోటో తీసేశాడు. ఎత్తు కుర్చీ మేడమీదికి పంపించాడు. పిల్లని మళ్ళీ స్టూడియో గడప తొక్కనివ్వలేదు. తల్లులు వచ్చి "పాప ఏదండీ?" అని అడిగితే "పంపించాం" అనేవాడు. ఎక్కడికి పంపించాం? నాలుగు వీధుల అవతల, ఇంట్లో కూర్చోబెట్టాం.

ఆ తర్వాత ఏడాది పైనే మా ఇల్లు ఇల్లులా లేదు. కిలకిల మామూలుగానే నవ్వేది. తండ్రి చెప్పుల చప్పుడు వినగానే చేతులెత్తి ఊగుతూ ఎదురెళ్ళేది. వాడు దాన్ని పట్టుకుని, పడిపోకుండా నిలబెట్టి, మరదలికి అందించి లోపలికి వెళ్ళిపోయేవాడు. అన్నం గోడవైపు తిరిగి తినేవాడు. కోపమేమో అనుకున్నాను మొదట్లో. కాదు. వాడికి ఆ నవ్వు వింటే భయం. కూతురు తనని చూసి నవ్వుతోందని ఇన్నాళ్ళూ పొంగిపోయినవాడికి, అది తనకోసం కాదేమోనన్న అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం పోతే తప్ప వాడు మనిషి కాలేడు. ఎవరు పోగొడతారు? చెప్పవలసిన పిల్లకి మాటలు లేవు.

మూర్ఛలు వచ్చాయి, మందులు వచ్చాయి. మరదలు రెక్కలు ముక్కలు చేసుకుని నడక నేర్పించింది. మంచినీళ్ళ కోసం నోటిమీద వేలు పెట్టడం నేర్పించింది. నొప్పిని పట్టుకునే దారి కూడా తనే వెతుక్కుంది. నొప్పి ఉంటే మణికట్టు కొరుక్కుంటుందని ఒకసారి అనేది, కాళ్ళు ముడుచుకుంటుందని ఒకసారి. వారం తిరిగేసరికి ఏమీ లేకుండానే మణికట్టు కొరుక్కుంటూ కనబడేది పిల్ల. మళ్ళీ మొదటికి వచ్చేది మరదలు.

ఒక ఆదివారం పొద్దున్నించే కిలకిల నవ్వుతోంది. అన్నం ముద్ద నోట్లో పెడితే తోసేస్తోంది, వెనక్కి విరుచుకుంటోంది, నవ్వుతోంది. "ఇవాళ మంచి హుషారుగా ఉంది, ఆటలో పడి తిండి వద్దంటోంది" అంది అమ్మ. మరదలు నుదురు ముట్టుకుని చూసింది, చెవుల్లో చూసింది. జ్వరం లేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తమ్ముడు ఎప్పటిలాగే దాన్ని దాటి లోపలికి వెళ్ళాడు. చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాలాకాలం తర్వాత కూతురి ముఖంలోకి చూశాడు.

"ఎవర్ని చూసి నవ్వుతోందది?" అన్నాడు.

"ఎవర్నని ఏముందిరా, అది అలాగే నవ్వుతుంది" అన్నాను.

"కాదక్కా. నవ్వే పిల్ల ఎదుటివాళ్ళకేసి చూస్తుంది. నవ్వి, ఊపిరి పీల్చుకుని, వాళ్ళు నవ్వారా లేదా అని చూస్తుంది. ఇన్నేళ్ళు నేను చూసిందే అది. ఇది ఎవర్నీ చూడ్డం లేదు."

నిజమే. దాని కళ్ళు గోడకేసి ఉన్నాయి. అక్కడ మెరిసేదేమీ లేదు. తడిచేతులతోనే పిల్లని ఎత్తుకుని బయల్దేరాడు. అన్నం కంచాలు అలాగే వదిలేసి మేము వెనకాల పరిగెత్తాం.

ఆస్పత్రిలో అత్యవసర విభాగం ముందు జనం బారులు తీరి ఉన్నారు. గుండె పట్టుకున్న ముసలాయన, తల పగిలిన కుర్రాడు. వాళ్ళ మధ్య నవ్వుతున్న మా పిల్ల. బల్ల దగ్గర నర్సు తలెత్తి చూసింది, ఆవిడ ముఖం విచ్చుకుంది. "ఎంత చక్కగా నవ్వుతోందో! ఏమైందండీ పాపకి?"

"నొప్పి" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడ?"

"తెలీదండీ."

ఆవిడ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. కూర్చోండి, పిలుస్తాను అంది. మరదలు జబ్బు పేరు చెప్పింది, కడుపు చూడమంది. ఆవిడ విసుక్కోలేదు, పాపం. కానీ ఎదురుగా తల పగిలినవాడు రక్తం కారుతూ ఉంటే నవ్వే పిల్లని ముందు ఎలా పంపిస్తుంది? మేం కూర్చున్నాం. కిలకిల నవ్వు ఎక్కువైంది. పక్క బెంచీలో చంటిపిల్ల దాన్ని చూసి నవ్వింది. ఆ పిల్ల తల్లి నవ్వింది. గుండె పట్టుకున్న ముసలాయన కూడా "ఆస్పత్రికి ఇలాంటి పిల్ల ఒకతి ఉండాలమ్మా" అంటూ నవ్వాడు. గది మొత్తం నవ్వుతోంది.

అప్పుడు లేచాడు మా తమ్ముడు. "నవ్వకండి!" అని అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు అంత గట్టిగా అరవడం నేను వినలేదు. "మీ అందరికీ దణ్ణం పెడతాను, నవ్వకండి. అది నవ్వడం లేదు. అది ఏడుస్తోంది. నా కూతురు పొద్దున్నించీ ఏడుస్తోంది."

ఇప్పుడు కిలకిల ఒక్కతే నవ్వుతోంది. నర్సు బల్ల వెనకనుంచి లేచి వచ్చింది. పిల్లని తీసుకుని రొమ్ము కిందుగా కడుపు మెల్లగా నొక్కింది. పిల్ల మరింత నవ్వుతూ ఆవిడ చొక్కా చెయ్యి రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. నర్సు ఇక ఆగకుండా పిల్లని లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు మత్తిచ్చి గొంతులోంచి గొట్టం వేసి చూశారు. చూసిన డాక్టరు బయటికొచ్చి, ఆహారనాళం పొడవునా పుళ్ళున్నాయని చెప్పాడు. పొట్టలో ఆమ్లం పైకి తన్ని తన్ని కాల్చేసిందట. కొన్ని పుళ్ళు కొత్తవి. కొన్ని ఎప్పుడో మాని, మచ్చ కట్టి, మళ్ళీ రేగినవి.

"ఇది నిన్నా మొన్నటిది కాదు," అన్నాడు. "ఏళ్ళ తరబడి ఉండి ఉంటుంది. చిన్నప్పటినించీ కావచ్చు. మందులు మొదలుపెడదాం, తగ్గుతుంది. నొప్పి లేనప్పుడు పాప ఎలా ఉంటుంది? అది చెబితే తగ్గిందో లేదో మాకు తెలుస్తుంది."

నొప్పి లేనప్పుడు ఎలా ఉంటుందో మాకేం తెలుసు? నాకు మాత్రం ఊరంతా కనబడింది. ఎన్ని ఇళ్ళ గోడలమీద ఎంతమంది పిల్లలు మా కిలకిలని చూసి నవ్విన నవ్వులున్నాయో. అవన్నీ నా చేతులమీదుగా వెళ్ళినవే. అందులో ఎన్నిసార్లు దాని గొంతు మండిందో దేవుడికే తెలియాలి. అన్నిసార్లూ కాకపోవచ్చు. నిజంగా సంతోషంగా ఉన్న రోజులూ ఉండే ఉంటాయి. ఉండాలి. లేకపోతే మేం బతకలేం.

మందులు పనిచేశాయి. ఇంటికొచ్చిన వారానికి పిల్ల అన్నం మింగడం మొదలుపెట్టింది, వరసగా గంటలు గంటలు నిద్రపోయింది. లేచి కిటికీ దగ్గర కూర్చుని బొమ్మ చక్రం తిప్పుకుంటూ ఉండేది. నవ్వకుండా. అమ్మ హడలిపోయింది. "అదేమిటే, పిల్ల నవ్వడం లేదు? మళ్ళీ ఏమైంది?" అంది. ఏమీ కాలేదు. నేను దాని ఎదురుగా కూర్చుని చూశాను. ఎన్ని వందల ముఖాలు దిద్దానో, మా ఇంటి పిల్ల పెదవులు కలిస్తే ఎలా ఉంటాయో నాకు అప్పటిదాకా తెలియదు. కింది పెదవి కొంచెం ముందుకు ఉంటుంది. వాళ్ళ నాన్నకి లాగే. ఏడుపొచ్చి లేచి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడుకి కిలకిల చక్రం వదిలేసింది. తల తిప్పింది. తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది. చేతులు పైకెత్తుకుని, ఊగుతూ, గదంతా దాటుకుని వచ్చి వాడి కాళ్ళని చుట్టేసుకుంది. తలెత్తి నవ్వింది. ఊపిరి పీల్చుకుని, వాడు నవ్వాడా లేదా అని చూసి, మళ్ళీ నవ్వింది.

వాడు దాని ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. కడుపు నొక్కి చూశాడు. చెవులు చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూశాడు. నాన్న ఆడిస్తున్నాడనుకుందో ఏమో, పిల్ల నవ్వు ఇంకా ఎక్కువైంది. అది నవ్వేకొద్దీ వాడి చేతులు వెతుకుతూనే ఉన్నాయి.

చూడలేక మరదలు దగ్గరికి వెళ్ళి వాడి భుజం పట్టుకుంది. "మిమ్మల్ని చూసేనండీ. మీరొచ్చారని నవ్వుతోంది, అంతే."

"తెలుసు" అన్నాడు తమ్ముడు. అంటూనే పిల్ల మేజోడు విప్పి అరికాలు తిప్పి చూశాడు.